కుక్క బరువు సరిగ్గా ఉందా? కాటా చెప్పేదెంత, చెయ్యి చెప్పేదెంత

క్లుప్తంగా: కుక్క లావుగా ఉందా, సన్నగా ఉందా అన్నది కేజీల లెక్క ఒక్కదానితో తేలదు. పక్కటెముకలు చేతికి ఎలా తగులుతున్నాయి, పైనుంచి చూస్తే నడుం ఉందా, పక్కనుంచి చూస్తే పొట్ట పైకి ఎక్కి ఉందా అన్నవే అసలు కొలతలు. వెటర్నరీ డాక్టర్లు వాడే 9 అంకెల స్కోరు వీటి మీదే నడుస్తుంది. కాటా పనికొచ్చేది అదే కుక్క బరువు నెలనెలా ఎటు పోతోందో చూడటానికి. కాస్త ఎక్కువ బరువు కూడా కుక్క ఆయుష్షును తగ్గిస్తుందని దీర్ఘకాల పరిశోధనలు చూపించాయి.

పెంపుడు కుక్కను వాకింగ్‌కు తీసుకెళ్తే దాని ఒంటి మీద ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. పక్కటెముకల గీతలు లీలగా కనిపిస్తే "తిండి సరిగ్గా పెట్టట్లేదా?" అంటారు. గుండ్రంగా, బొద్దుగా ఉంటే "బాగా పెంచుతున్నారు" అంటారు. చాలాసార్లు ఆ రెంటిలో ఆరోగ్యంగా ఉన్నది మొదటి కుక్కే. క్లినిక్‌లో డాక్టర్ "ఇది నాలుగు కేజీలు తగ్గాలి" అన్నప్పుడు ఇంటివాళ్లు ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే. వాళ్ల కళ్లకు అది మామూలు కుక్కే.

కేజీల పట్టిక ఎందుకు సరిపోదు

జాతుల పట్టిక తీస్తే మగ లాబ్రడార్‌కు సుమారు 29 నుంచి 36 కేజీలు, ఆడదానికి 25 నుంచి 32, పగ్‌కు 6 నుంచి 8 అని కనిపిస్తుంది. మగ ల్యాబ్ విషయంలోనే పట్టికలో 7 కేజీల వెసులుబాటు ఉంది. సన్నపాటి ఎముకతో పుట్టి, 29 కేజీల దగ్గర ఉండాల్సిన కుక్క 35కి చేరినా పట్టిక ప్రకారం దానికి ఏ లోటూ లేదు. నిజానికి అది ఉండాల్సిన దానికంటే ఐదో వంతు ఎక్కువ బరువు మోస్తూ తిరుగుతోంది.

పైగా ఆ పట్టికలు స్వచ్ఛమైన జాతి కుక్కలకు రాసినవి. ల్యాబ్ అని చెప్పి అమ్మిన కుక్కపిల్లల్లో కలగలుపు జాతివీ ఉంటాయి. వీధిలోంచి తెచ్చి పెంచుకునే దేశీ కుక్కకైతే ఏ పట్టికా లేదు. 14 కేజీలున్నదీ ఆరోగ్యంగా ఉండొచ్చు, 22 కేజీలున్నదీ ఉండొచ్చు.

ఇంకా పెద్ద ఇబ్బంది, కాటాకు కండకూ కొవ్వుకూ తేడా తెలియకపోవడం. నాలుగేళ్ల వయసులో 30 కేజీలున్న కుక్క పదేళ్లకూ 30 కేజీలే ఉందంటే ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. కానీ ఈ ఆరేళ్లలో వెనక తొడల కండ కరిగి, నడుం మీద, తోక మొదట్లో కొవ్వు చేరి ఉండొచ్చు. అంకె మారలేదు, ఒళ్లు మాత్రం పూర్తిగా మారింది. ముసలి కుక్కల్లో ఇది తరచూ జరిగేదే. అందుకే కండ ఎంత ఉందో చూడటానికి డాక్టర్లు వేరే స్కోరు వాడతారు. వెన్నెముకకు రెండు పక్కలా, భుజాల మీద, తుంటి దగ్గర, నుదుటి పక్కన వేళ్లతో తడిమి కండ పలచబడిందేమో చూస్తారు.

అలాగని కాటాను పక్కన పెట్టేయనక్కర్లేదు. ఇతర కుక్కలతో పోల్చడానికి కాదుగానీ, అదే కుక్కను అదే కాటా మీద నెలకోసారి తూస్తే మార్పు కంటికి కనిపించకముందే దొరుకుతుంది. చిన్న కుక్కైతే ఎత్తుకుని మిషన్ మీద నిలబడి, తర్వాత మనిషి బరువు తీసేస్తే సరి. అయితే మూడు కేజీల పామరేనియన్‌కు ఈ పద్ధతి అంత నమ్మదగ్గది కాదు. ఇంట్లో మిషన్ రెండు మూడు వందల గ్రాములు అటూ ఇటూ చూపిస్తే అదే ఆ కుక్క బరువులో పదో వంతు. అలాంటి వాటిని పసిపిల్లలను తూచే కాటా మీద, పెద్ద కుక్కలను క్లినిక్‌లో నేల మీద ఉండే కాటా మీద తూయించడం మంచిది.

చేతికి తెలిసేది

ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న కొలత 1 నుంచి 9 వరకు ఉండే ఒంటి స్థితి స్కోరు. పెంపుడు జంతువుల తిండి తయారుచేసే పురీనా సంస్థలో పనిచేసిన పశుపోషణ నిపుణురాలు డాటీ లాఫ్లామ్ దీన్ని 1997లో ప్రచురించారు. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే విపరీతమైన లావు, 4 లేదా 5 అంటే సరైన స్థితి. శరీరంలోని కొవ్వు శాతాన్ని యంత్రాలతో కొలిచి పోల్చినప్పుడు కూడా ఈ స్కోరు బాగానే నిలబడింది. కాసేపు నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చన్నది దీని గొప్పతనం.

కుక్కను నిలబెట్టాలి. పడుకున్నప్పుడు, ముడుచుకుని కూర్చున్నప్పుడు చర్మం, కొవ్వు పక్కకు జరిగి లెక్క తప్పుతుంది. దాని వెనక చేరి, రెండు బొటనవేళ్లు వెన్ను మీద ఉంచి, మిగతా వేళ్లను ఛాతీకి రెండు వైపులా చదునుగా ఆనించాలి. నొక్కకూడదు. నిమిరినట్టుగా వేళ్లను ముందుకూ వెనక్కూ జరపాలి. పక్కటెముకలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేలా తగలాలి, కానీ వాటి మీద పలచటి పొర ఒకటి ఉన్నట్టు అనిపించాలి.

ఆ పొర ఎంత ఉండాలో గుర్తుపెట్టుకోవడానికి చెయ్యే నమూనా. అరచేతిని కిందికి తిప్పి, వేళ్లు చాపి, రెండో చేతి వేళ్లతో చేతి వెనక భాగం మీద రాస్తే ఎముకలు తెలుస్తాయి, గుచ్చుకోవు. సరైన బరువున్న కుక్క పక్కటెముకలు అలా ఉంటాయి. పిడికిలి బిగించి కణుపుల మీద రాసినట్టు ఉంటే కుక్క బాగా సన్నగా ఉంది. చేతిని వెల్లకిలా తిప్పి అరచేతి మీద రాసినప్పటిలా, ఎముక కోసం నొక్కి వెతుక్కోవాల్సి వస్తే కొవ్వు పేరుకుంది.

తర్వాత కళ్లతో చూడాల్సినవి రెండు. కుక్క పక్కన నిలబడి పైనుంచి కిందికి చూస్తే, పక్కటెముకలు ముగిసిన చోట నడుం లోపలికి తగ్గి, మళ్లీ తుంటి దగ్గర వెడల్పు కావాలి. మెడ నుంచి తోక దాకా ఒకే వెడల్పుగా ఉంటే 6 దాటింది. నడుం దగ్గరే బయటికి ఉబ్బి ఉంటే ఇంకా పైకి పోయింది. రెండోది, మోకాళ్ల మీద కూర్చుని పక్కనుంచి చూడటం. ఛాతీ కింది గీత వెనక కాళ్ల వైపు పైకి ఎక్కాలి. నేలకు సమాంతరంగా ఉంటే, లేదా పొట్ట వేలాడుతుంటే కొవ్వు ఉన్నట్టే. చివరగా తోక మొదట్లో వేళ్లు పెట్టి చూడాలి. అక్కడ మెత్తటి దిండులా తగిలితే స్కోరు 7 లేదా ఆపైన.

గోల్డెన్ రిట్రీవర్, పామరేనియన్, షిట్జు లాంటి బొచ్చు కుక్కల్లో కంటి చూపు పెద్దగా పనికిరాదు. చేత్తో తడమాలి, లేదా స్నానం చేయించినప్పుడు బొచ్చు తడిసి ఒంటికి అతుక్కున్న ఆ రెండు నిమిషాల్లో చూసుకోవాలి. చాలామందికి తమ కుక్క అసలు ఆకారం అప్పుడే తెలుస్తుంది.

ఈ స్కోరు నుంచే ఎంత తగ్గాలో కూడా లెక్క కట్టొచ్చు. 5 దాటిన ఒక్కో అంకెకు సుమారు 10 శాతం అదనపు బరువు అన్నది డాక్టర్లు వాడే సూత్రం. 36 కేజీల ల్యాబ్‌కు స్కోరు 7 వచ్చిందంటే అది 20 శాతం ఎక్కువ ఉంది. 36ను 1.2తో భాగిస్తే 30. దాని లక్ష్యం 30 కేజీలు. జాతి పట్టిక ప్రకారం ఈ కుక్క 36తోనే పాసయ్యేది.

కళ్లు ఎందుకు పొరబడతాయి

యజమానులు ఇచ్చిన అంచనాను డాక్టర్ల స్కోరుతో పోల్చిన పరిశోధనలు చాలా జరిగాయి. చాలా వాటిలో ఒకటే తేలింది: కుక్క లావుగా ఉన్నా సరిగ్గానే ఉందని అనుకునే యజమానులు ఎక్కువ. ఇది అబద్ధం చెప్పడం కాదు. రోజూ చూసే ఒంటిలో నెలకు రెండొందల గ్రాముల మార్పు కంటికి ఆనదు. అపార్ట్‌మెంట్‌లో చుట్టూ కనిపించే ల్యాబ్‌లు, పగ్‌లు కూడా లావుగానే ఉంటే అదే మామూలు ఆకారం అనిపిస్తుంది. ప్రకటనల్లో, డాగ్ షోలలో కనిపించే ల్యాబ్‌లు కూడా తరచూ బొద్దుగానే ఉంటాయి. వేటకు, పనికి పెంచే ల్యాబ్ వంశాలు వాటి పక్కన నిలబడితే వేరే జాతేమో అనిపించేంత సన్నగా ఉంటాయి.

మన దగ్గర దీనికి ఇంకో కారణం తోడవుతుంది. సన్నగా ఉండటం అంటే పస్తులుండటం అన్న భావన బలంగా ఉంది. వీధుల్లో గజ్జితో, నులిపురుగులతో, డొక్కలు ఎండి తిరిగే కుక్కలను రోజూ చూస్తాం కాబట్టి, ఇంట్లో కుక్కకు ఎముక తగిలితే చాలు, దాన్ని కూడా అలా చేస్తున్నామేమో అనిపిస్తుంది. కానీ ఆ వీధి కుక్క స్కోరు 2 లేదా 3. ఇంట్లో సన్నగా కనిపించే కుక్క స్కోరు 4. మధ్యలో చాలా దూరం ఉంది. తుంటి ఎముకలు, వెన్నుపూసలు దూరం నుంచే కనిపిస్తుంటే, కండ కూడా తగ్గి ఉంటే, అది నిజంగా తిండి లేని కుక్క. పక్కటెముకలు చేతికి తగలడం వేరు.

జాతిని బట్టి మారే లెక్క

ఒకే కొలమానం అన్ని కుక్కలకూ అచ్చుగుద్దినట్టు సరిపోదు. కర్ణాటకలోని ముధోల్ ప్రాంతపు ముధోల్ హౌండ్, తమిళనాడు చిప్పిపారై, ఉత్తరాది రాంపూర్ హౌండ్ లాంటివి పరుగెత్తి వేటాడటానికి పెంచిన జాతులు. లోతైన ఛాతీ, బాగా లోపలికి పోయిన పొట్ట, పలచటి చర్మం, పొట్టి వెంట్రుకలు. చివరి రెండు మూడు పక్కటెముకలు కనిపించడం వీటికి సహజం. వీటిని ల్యాబ్‌లా కనిపించే దాకా తినిపిస్తే జబ్బు తెచ్చిపెట్టినట్టే. వీటి విషయంలో చూడాల్సింది నడుం, తొడల మీది కండ. అది గట్టిగా, నిండుగా ఉంటే ఎముకలు కనిపించినా బెంగ అక్కర్లేదు.

అటు చివర పగ్, బుల్‌డాగ్ ఉంటాయి. పీపాలాంటి ఛాతీ వల్ల నడుం అంత స్పష్టంగా కనిపించదు. వీటికి చేతి పరీక్షే ముఖ్యం.

లాబ్రడార్ కథ వేరు. ఎప్పుడూ తిండి కోసం చూసే కుక్క అని దానికి పేరు. అది అలవాటు తప్పు అనుకుంటాం గానీ, కొంత వరకు పుట్టుకతో వచ్చింది. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించడాన్ని గుర్తించారు. కడుపు నిండిందన్న సంకేతం మెదడులో తయారు కావడానికి ఈ జన్యువు అవసరం. లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానిలో ఈ లోపం కనిపించింది. తల్లిదండ్రుల నుంచి వచ్చే రెండు జన్యు ప్రతుల్లో లోపమున్న ఒక్కోదానికి సగటున దాదాపు రెండు కేజీల బరువు అదనంగా తేలింది. 2024లో వచ్చిన తర్వాతి పరిశోధనలో ఇలాంటి కుక్కలకు భోజనానికీ భోజనానికీ మధ్య ఆకలి ఎక్కువని, విశ్రాంతిగా ఉన్నప్పుడు అవి ఖర్చు చేసే శక్తి సుమారు పావు వంతు తక్కువని బయటపడింది. ఎక్కువ ఆకలి, తక్కువ ఖర్చు. అలాంటి కుక్క గిన్నె ముందు కూర్చుని చూసే చూపును ఆకలికి కొలతగా తీసుకుంటే దాని బరువు అదుపులో ఉండటం అసాధ్యం. దాని బదులు ఇంట్లో మనుషులే హద్దు గీయాలి.

అదనపు బరువు ఏం చేస్తుంది

ఈ విషయంలో గట్టి ఆధారం 48 లాబ్రడార్ల మీద జరిగిన పురీనా అధ్యయనం. ఒకే ఈతలో పుట్టిన కుక్కపిల్లలను జంటలుగా విడదీసి, జంటలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. ఫలితాలు 2002లో వెలువడ్డాయి. తక్కువ తిన్న వాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్న వాటిది 11.2 ఏళ్లు. తక్కువ తిన్న వాటికి కీళ్ల నొప్పుల మందులు మొదలుపెట్టాల్సిన అవసరం కూడా దాదాపు మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది.

ఇందులో గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఎక్కువ తిన్న కుక్కలు నడవలేనంత లావువి కావు. వాటి సగటు స్కోరు 6.7. అంటే వాకింగ్‌లో చూసి "బాగా పెంచుతున్నారు" అనే కుక్కలే అవి.

అమెరికాలో 12 జాతులకు చెందిన 50 వేలకు పైగా కుక్కల ఆసుపత్రి రికార్డులను పరిశీలించిన మరో అధ్యయనం కూడా ఇదే దిశలో తేల్చింది. లావు వల్ల తగ్గే ఆయుష్షు జాతిని బట్టి మారింది. మగ జర్మన్ షెపర్డ్‌లలో సుమారు 5 నెలలు, మగ యార్క్‌షైర్ టెర్రియర్లలో రెండున్నరేళ్లు. చిన్న కుక్కకు ఒకటి రెండు కేజీలేగా అనుకోవడానికి వీల్లేదు. 8 కేజీల పగ్ 10 కేజీలకు చేరడం అంటే 60 కేజీల మనిషి 75 కేజీలకు చేరడం.

తెలుగు రాష్ట్రాల వేసవి దీన్ని ఇంకా ప్రమాదకరం చేస్తుంది. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే వేడి బయటికి పంపే ప్రధాన మార్గం. చర్మం కింద కొవ్వు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, మెడ చుట్టూ పేరుకున్న కొవ్వు గాలి దారిని ఇరుకు చేస్తుంది. 42, 43 డిగ్రీల రోజుల్లో, పుట్టుకతోనే ఇరుకు ముక్కున్న పగ్‌కు ఈ రెండూ కలిస్తే సాయంత్రం నడక కూడా వడదెబ్బకు దారి తీయొచ్చు.

క్యాలరీలు ఎక్కడ దాక్కుంటాయి

కుక్కకు విశ్రాంతి సమయంలో కావాల్సిన శక్తిని కేజీల బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణించి లెక్కిస్తారు. 8 కేజీల పగ్‌కు అది సుమారు 333 క్యాలరీలు. ఇంట్లో తిరిగే మామూలు కుక్కకు దానికి 1.4 నుంచి 1.6 రెట్లు, అంటే రోజుకు సుమారు 470 నుంచి 530 చాలు.

ఇప్పుడు గ్లూకోజ్ బిస్కెట్ సంగతి చూద్దాం. ఒక్కోటి దాదాపు 20 క్యాలరీలు. పొద్దున టీ దగ్గర నాన్న రెండు, మధ్యాహ్నం నాయనమ్మ రెండు, బడి నుంచి వచ్చిన పిల్లలు రెండు. మొత్తం 120. ఎవరూ ఎక్కువ పెట్టలేదు, కానీ ఆ కుక్క రోజు అవసరంలో పావు వంతు అక్కడే అయిపోయింది. దాని మీద గిన్నెలో భోజనం యథాప్రకారం పడుతుంది. చిరుతిళ్లన్నీ కలిపి రోజు క్యాలరీల్లో పదో వంతు దాటకూడదన్నది సాధారణ నియమం. ఈ పగ్‌కు అది రెండున్నర బిస్కెట్లు.

పెరుగన్నం తప్పేమీ కాదు, కొలత లేకపోవడమే తప్పు. వంద గ్రాముల అన్నంలో సుమారు 130 క్యాలరీలు, దాని మీద చిన్న చెంచా నెయ్యి వేస్తే మరో 45. పైగా అన్నంతోనే కడుపు నింపితే క్యాలరీలు చేరతాయి గానీ కండకు కావాల్సిన మాంసకృత్తులు చాలవు. ప్యాకెట్ తిండి పెట్టేవాళ్లు చేసే పొరపాటు వేరు. గ్లాసుతోనో, గుప్పిటతోనో పోస్తారు. పొడి తిండి వంద గ్రాములకు 350 నుంచి 400 క్యాలరీలుంటుంది, గుప్పెడు అటూ ఇటూ అయితే ల్యాబ్‌కైనా రోజు లెక్కలో పదో వంతు మారిపోతుంది. వంటింటి కాటా మీద గ్రాముల్లో తూచి పెట్టడం ఒక్కటే నమ్మకమైన దారి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక చాలా కుక్కలు ఒళ్లు చేస్తాయి. ఆపరేషన్ తర్వాత శక్తి అవసరం తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, గిన్నెలో కొలత మాత్రం పాతదే ఉంటుంది. ఆపరేషన్ మానుకోవాల్సిన పని లేదు. కుట్లు విప్పే నాటికి తిండి ఎంత తగ్గించాలో డాక్టర్‌ను అడిగితే సరిపోతుంది.

తగ్గించేటప్పుడు

వారానికి ఒంటి బరువులో 1 నుంచి 2 శాతం తగ్గడం క్షేమకరమైన వేగం. పైన చెప్పిన 36 కేజీల ల్యాబ్ 30కి రావడానికి రెండు నుంచి నాలుగున్నర నెలలు పడుతుంది. రోజూ పెట్టే తిండినే సగం చేసి పెడితే క్యాలరీలతో పాటు మాంసకృత్తులు, విటమిన్లు కూడా సగమైపోతాయి. బరువు తగ్గించడానికే తయారయ్యే తిండిలో పీచు, మాంసకృత్తులు ఎక్కువ ఉండేది ఇందుకే. బిస్కెట్ అడిగే అలవాటున్న కుక్కకు కీరదోస ముక్క, ఉడికించిన బీన్స్ పెట్టొచ్చు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి మాత్రం కుక్కకు విషం.

నడక అవసరమే, కానీ దాంతోనే బరువు తగ్గుతుందన్న ఆశ పెట్టుకోకూడదు. కొలత మారేది ముందు గిన్నెలోనే. మందుల దారీ ప్రయత్నించారు. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కుక్కల ఊబకాయానికి డిర్లోటపైడ్ అనే మందును ఆమోదించింది. అది ఆకలిని తగ్గించేది, మందు ఆపగానే ఆకలి తిరిగొచ్చేది. తర్వాత అది మార్కెట్ నుంచి వెళ్లిపోయింది.

తిండితో సంబంధం లేని మార్పులు

తిండి పెంచకుండానే బరువు పెరుగుతూ, కుక్క మందకొడిగా మారి, బొచ్చు ఊడుతుంటే థైరాయిడ్ లోపం ఉండొచ్చు. నీళ్లు విపరీతంగా తాగుతూ, పొట్ట మాత్రమే వేలాడుతుంటే కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బును అనుమానిస్తారు. ఒళ్లంతా సన్నబడి పొట్ట ఒక్కటే ఉబ్బితే అది కొవ్వు కాదు. గుండె, కాలేయ జబ్బుల్లో పొట్టలో నీరు చేరుతుంది. కుక్కపిల్లలో అయితే మొదట చూడాల్సింది నులిపురుగులు. ఇలాంటప్పుడు పక్కటెముకలను, పొట్టను విడివిడిగా తడిమి చూస్తే తేడా తెలుస్తుంది. లావైన కుక్కకు రెండు చోట్లా కొవ్వు ఉంటుంది.

బరువు తగ్గడం పెరగడం కంటే తొందరగా పట్టించుకోవాల్సిన విషయం. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్, షుగర్, కిడ్నీ జబ్బు, నమలనివ్వని పంటి నొప్పి అన్నీ ముందు కాటా మీదే కనిపిస్తాయి. తిండి మామూలుగానే తింటూ, తగ్గించే ప్రయత్నమేదీ లేకుండా నెల రోజుల్లో పదో వంతు బరువు పోయిందంటే తిండి పెంచి చూద్దాం అనుకోకుండా అదే వారం రక్తపరీక్ష చేయించాలి.